జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఓడితే నేరుగా హైకోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: పొలం హక్కు కోసం వేసిన దావాను జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో కొట్టేశారు. ఇక హైకోర్టుకేనా? తహసీల్దారుకు అర్జీ పెట్టుకుంటే పనవుతుందా? — పాఠకుడు, నరసరావుపేట

జవాబు: రెండూ కుదరవు. తహసీల్దారు రికార్డులు సరిచేస్తారు, సర్వే చేయిస్తారు. హక్కు ఎవరిదో తేల్చాల్సింది సివిల్ కోర్టే.

దావా విలువను బట్టి కింది నుంచి జూనియర్ సివిల్ జడ్జి (పాత మున్సిఫ్ కోర్టు), సీనియర్ సివిల్ జడ్జి (పాత సబ్ కోర్టు), జిల్లా కోర్టు ఉంటాయి. వీటన్నిటి మీద హైకోర్టు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో, తెలంగాణకు హైదరాబాద్‌లో వేర్వేరుగా ఉన్నాయి. మీ దావా (కోర్టు నంబరులో ఓ.ఎస్.) మీద మొదటి అప్పీలు (ఎ.ఎస్.) జిల్లా కోర్టులో, లేదా మీ ప్రాంతానికి అప్పీలు అధికారమున్న సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేయాలి. అక్కడా ఓడితేనే హైకోర్టులో రెండో అప్పీలు. అదీ ముఖ్యమైన న్యాయప్రశ్న ఉంటేనే తీసుకుంటారు. సాక్షి చెప్పింది నిజమా, అబద్ధమా అన్న వాదన అక్కడ సాధారణంగా నడవదు. కాబట్టి బలమంతా మొదటి అప్పీలులోనే పెట్టండి.

గడువు 30 రోజులు. అప్పీళ్లు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే. తీర్పు, డిక్రీల (తీర్పును బట్టి కోర్టు తయారుచేసే ఉత్తర్వు) నకలు తీసుకోవడానికి పట్టిన రోజులను లెక్కలోంచి తీసేస్తారు, కానీ నకలుకు దరఖాస్తు పెట్టిన రోజు నుంచే. డిక్రీ తయారయ్యాక చూద్దాంలే అని ఊరుకుంటే ఆ రోజులు మీ ఖాతాలోనే పడతాయి. తీర్పు వెలువడిన మర్నాడే దరఖాస్తు పెట్టేయండి. నకలు వెనుక ముద్రలో దరఖాస్తు పెట్టిన తేదీ, నకలుకు కావాల్సిన స్టాంపులు కోర్టు అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ అన్నీ వరసగా ఉంటాయి. స్టాంపులు ఆలస్యంగా కట్టినా, సిద్ధమైన నకలును తీసుకోకుండా వదిలేసినా ఆ జాప్యం మీదే. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయాలి, ప్రతిరోజుకూ నమ్మదగ్గ కారణం చూపాలి. ‘ఒంట్లో బాగాలేదు’ అన్న ఒక్క ముక్కతో పని జరగదు.

ఇంకో సంగతి. దావా నడిచినన్నాళ్లూ మీకు తాత్కాలిక ఇంజంక్షన్ (అవతలివాళ్లను పొలంలోకి రాకుండా ఆపే ఉత్తర్వు) ఉండి ఉంటే, అది దావా కొట్టేయడంతోనే పోయింది. అప్పీలుతో పాటే దానికోసం కొత్తగా ఐ.ఎ. (మధ్యంతర పిటిషన్) వేయకపోతే అవతలివాళ్లు పొలంలోకి దిగినా ఆపే ఉత్తర్వు మీ చేతిలో ఉండదు.

ప్రశ్న: మా తమ్ముడి మీద హత్యాయత్నం కేసు. రిమాండ్ మేజిస్ట్రేట్ కోర్టు నుంచి, ఇప్పుడేమో సెషన్స్ కోర్టంటున్నారు. కేసు పెద్దదైందా? — పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: లేదు, మొదటి నుంచీ అది సెషన్స్ కేసే. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ మూడేళ్లకు మించి జైలు శిక్ష వేయలేరు. హత్యాయత్నం విచారణ సెషన్స్ కోర్టుదే. మేజిస్ట్రేట్ చార్జిషీటు నకళ్లు ముద్దాయికిచ్చి, కేసును పైకి పంపుతారు, దాన్నే కమిటల్ అంటారు. పాత సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం కేసును విచారణకు స్వీకరించిన 90 రోజుల్లో ఇది పూర్తి కావాలి, కారణాలు రాసి 180 రోజుల దాకా పొడిగించవచ్చు.

అప్పుడు మేజిస్ట్రేట్ కోర్టులో ఇచ్చిన పి.ఆర్.సి. నంబరు పోయి, సెషన్స్ కేసుగా ఎస్.సి. నంబరు వస్తుంది. పాత నంబరుతో ఆన్‌లైన్‌లో వెతికి, ముగిసిందని కనిపిస్తే కేసు కొట్టేశారనుకోవద్దు. వాయిదా తప్పితే వారెంటు రావచ్చు. కొత్త నంబరు కోర్టులోనే అడిగి రాసుకోండి.