మనవడి రక్తంలో సీసం: పసుపును అనుమానించాలా, తూటాలనా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లుగా సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో గురి కాల్చడం నేర్చుకుంటూ, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలను ఏరి తెచ్చుకుని ఇంటి గరాజ్‌లో మళ్లీ నింపుకుంటున్నాడు. అక్కడ అది మామూలేనట. రెండున్నరేళ్ల మనవడికి రక్తపరీక్ష చేస్తే సీసం వేలి రక్తంలో 11, చేతి నరం నుంచి తీసిన రక్తంలో 8 మైక్రోగ్రాములు ఉందన్నారు. వాడు ఆ ఇత్తడి గొట్టాలను వరసగా పేర్చి రైలు ఆట ఆడుతుంటాడు. ఐదో నెల గర్భిణి అయిన మా కోడలు, నేను పంపిన పసుపు, కాటుక మీద అనుమానపడుతోంది. అబ్బాయి మాత్రం బుల్లెట్‌కు రాగి తొడుగు ఉంటుంది కనుక సీసం బయటికి రాదంటున్నాడు. సీసాన్ని కడిగేసే భస్మం ఉందని తెలిసినవారు చెప్పారు. పంపమంటారా? ఆరు నెలలు వాళ్ల దగ్గరే ఉండి పోయిన నెలలో తిరిగి వచ్చాను. అక్కడున్నన్నాళ్లూ గరాజ్ ఊడ్చింది నేనే.

జవాబు: అమ్మా, ముందు భస్మం సంగతి చెప్పాలి. దయచేసి ఏదీ పంపవద్దు. నాగభస్మం అనే మాటలో నాగం అంటే సీసమే, ఆ మందును తయారుచేసేది సీసంతోనే. పేరు ఏదైనా, అందులో ఏముందో తెలియని భస్మాన్ని సీసం చేరిన పసివాడికి ఇవ్వడం నిప్పు మీద నెయ్యి పోయడమే అవుతుంది.

ఇక అంకెల విషయం. వేలి కొసన తీసిన రక్తంలో చర్మం మీది సీసపు ధూళి కలిసే వీలుంది కాబట్టి ఆ 11ను పక్కన పెట్టి, నరం నుంచి తీసిన 8నే లెక్కలోకి తీసుకోవాలి. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లల విషయంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతకమని చెబుతోంది. శరీరం నుంచి సీసాన్ని లాగేసే అసలైన మందులు ఉన్నాయి గానీ, పిల్లల్లో వాటిని సాధారణంగా 45 లేదా అంతకు పైన ఉన్నప్పుడే వాడతారు. 8 దగ్గర వాటి అవసరం లేదు. అలాగని 8ని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే ఏ లక్షణమూ పైకి కనిపించకుండానే ఈ స్థాయిలో కూడా చదువు మీద, ఏకాగ్రత మీద ప్రభావం పడవచ్చు. ఇక్కడ వైద్యం అంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆ దారి మూయడమే.

మీ అబ్బాయి చెప్పింది సగమే నిజం. తూటా ముందు కొసన ఉండి దూసుకుపోయే బుల్లెట్‌కు రాగి తొడుగు ఉంటుంది, కానీ చాలా రకాల్లో దాని అడుగు భాగం తెరిచే ఉండి లోపలి సీసం కనిపిస్తుంది. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్లను ప్రైమర్ అంటారు. సాధారణ రకాల్లో అందులో ఉండేది లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు లవణం. తుపాకీ పేలినప్పుడు అది కాలి, కంటికి ఆనని సన్నని మసిగా మారి గొట్టం లోపలా, ప్రైమర్ గూటిలోనూ అంటుకుంటుంది. తుపాకీ పట్టి ఎరుగని నేను ఈ సంగతులు తెలుసుకున్నది రోగుల రక్తపరీక్షల వెంట నడుస్తూనే.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ప్రతి దెబ్బకూ ఖాళీ గొట్టాన్ని తానే బయటికి విసురుతుంది. గంటలో వందల కొద్దీ గొట్టాలు నేల మీద పడితే, వాటిని ఏరి టోపీలోనో చొక్కా జేబులోనో వేసుకుని వస్తారు. ఇంటికి వచ్చాక పాత ప్రైమర్లను పొడిచి తీసేటప్పుడు ఆ నల్లటి మసి బల్ల మీద రాలుతుంది. గొట్టాలు మెరవడానికి మొక్కజొన్న బెండ్ల పొడిలో వేసి యంత్రంలో గంటల తరబడి కదిలించి, తర్వాత జల్లెడ పడతారు. ఆ జల్లెడ దగ్గర లేచే దుమ్మే ఈ పని మొత్తంలో నేను ఎక్కువగా భయపడేది. చేతులకూ చెప్పులకూ అంటుకుని అది హాల్లోకి, మంచం మీదికి వస్తుంది. పసివాడు నేల తడిమిన వేళ్లను నోట్లో పెట్టుకుంటాడు. మింగిన సీసంలో పెద్దవారి ఒంటికి పట్టేది పదో వంతు మాత్రమే అయితే, పిల్లలకు దాదాపు సగం పడుతుంది. రైలు పెట్టెల ఆట ఈ రోజుతోనే ఆగిపోవాలి.

నెల్లూరులో నా దగ్గరికి ఒకసారి ఇలాగే అంతుపట్టని సీసంతో ఒక బిడ్డ వచ్చింది. ఇంట్లో గోడ రంగులు, గిన్నెలు అన్నీ వెతికాం. చివరికి చూస్తే తండ్రి పాత బ్యాటరీలు విప్పే షెడ్డులో పనిచేస్తూ, అదే చొక్కాతో ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకునేవాడు. గుమ్మం బయటే చొక్కా మార్చి స్నానం చేసి లోపలికి రావడం మొదలుపెట్టాక, బిడ్డ అంకె నెలనెలా దిగింది.

మీ కోడలి అనుమానాన్ని కొట్టిపారేయకండి. మెరుపు కోసం పసుపు కొమ్ములకు లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పూసే మోసం నిజంగానే ఉంది కాబట్టి, పరీక్ష చేయించేదాకా ఆ పసుపు వాడకండి. ఆముదపు దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుకలో సీసం ఉండే అవకాశం తక్కువ, కొన్న సుర్మా అయితే అది సీసపు రాయే కావచ్చు. అయినా మీరు రాసినదంతా చూస్తే నా వేలు గరాజ్ వైపే చూపుతుంది.

అబ్బాయి మానుకోగలిగితే మంచిది, కనీసం బిడ్డ పుట్టి పెరిగేదాకా. మానలేకపోతే ఆ పని ఇంటితో గోడ పంచుకోని వేరే చోటికి మారాలి. సీసం లేని ప్రైమర్లు వాడాలి, గొట్టాలను పొడి బదులు నీళ్లలోనే శుభ్రం చేయాలి, ఆ మురికి నీళ్లను వంటింటి సింకులో పోయకూడదు. అక్కడ తినడం, తాగడం, పొగ తాగడం ఏవీ కూడదు. బట్టలు విడిగా ఉతకాలి, ఆ ఉతుకు కోడలి చేతుల మీదుగా జరగకూడదు. గరాజ్‌ను ఇక ఎవరూ చీపురుతో ఊడ్చకూడదు, మామూలు వ్యాక్యూమ్ కూడా దుమ్మును గాలిలోకే వదులుతుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయడం మేలు.

కోడలు వెంటనే తన ప్రసూతి వైద్యురాలికి చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. సీసం మాయను దాటి కడుపులోని బిడ్డను చేరుతుంది, తల్లి ఎముకల్లో ఏళ్ల నాటిది ఉంటే గర్భంలో అది కూడా కరిగి రక్తంలోకి వస్తుంది. తగినంత కాల్షియం తీసుకుంటే ఈ కరగడం తగ్గుతుంది. మనవడికి ఐరన్ పరీక్ష కూడా అవసరం, ఐరన్ లోపం ఉన్న పిల్లల పేగు సీసాన్ని మరింత పీల్చుకుంటుంది. ఖాళీ కడుపుతో ఆడుకోవడానికి వదలకుండా వేళకు పెట్టమనండి. గుడ్డు, మాంసం, పప్పు, పాలు, పెరుగుతో పాటు నిమ్మరసం పిండిన కూర పెడితే చాలు, ప్రత్యేక పథ్యం ఏదీ లేదు. మూడు నెలల్లోపు నరం నుంచి తీసిన రక్తంతోనే మళ్లీ పరీక్ష చేయించాలి. రక్తంలోని సీసం నెలకు సుమారు సగం తగ్గుతుంది గానీ, ఎముకల్లోంచి కొద్దికొద్దిగా ఊరుతుంది కాబట్టి అంకె మెల్లగా దిగితే కంగారు పడకండి. పెరిగితే మాత్రం దుమ్ము దారి ఇంకా ఎక్కడో తెరిచి ఉన్నట్టే.

అబ్బాయి కూడా రక్తం ఇవ్వాలి. పెద్దవారిలో సీసం రక్తపోటును పెంచుతుంది, మూత్రపిండాలకూ వీర్యకణాలకూ చేటు చేస్తుంది. బహుశా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ అంకె అతనిదే కావచ్చు.

చివరిగా మీ మాట. ఆరు నెలలు ఆ గరాజ్‌ను చీపురుతో ఊడ్చింది మీరే కాబట్టి మీ రక్తం కూడా చూడాలి. తిరిగి వచ్చి నెలే అయింది, ఆలస్యం చేస్తే అంకె దిగిపోయి అప్పుడు ఎంత ఉందో తెలియకుండా పోతుంది. ఈ వారంలోనే నెల్లూరులో ఏదైనా పెద్ద ల్యాబ్‌కు వెళ్లి బ్లడ్ లెడ్ పరీక్ష అని అడిగి నమూనా ఇవ్వండి. మలబద్ధకం, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, కొత్తగా బీపీ వంటివి ఈ మధ్య ఏమైనా మొదలైతే, వాటిని కాగితం మీద రాసుకుని ఫలితంతో పాటు మీ ఫిజీషియన్‌కు చూపించండి.