డీబీఏ శిక్షణలో చేరేముందు ఏమేమి వచ్చి ఉండాలి?

ఒడిశాలోని గుణుపురంలో బీఎస్సీ పూర్తిచేసి, అమీర్‌పేటలో ఒరాకిల్ డీబీఏ (ఒరాకిల్ అనే డేటాబేస్‌ను నిర్వహించే పని) కోర్సుకు ఫీజు కట్టబోతున్నానని, ప్రోగ్రామింగ్ రాకపోతే ఇబ్బందా అని మీరు అడిగారు. జావా రాకపోయినా ఫరవాలేదు గాని, సర్వర్లలో వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ రాకపోతే మొదటి వారంలోనే వెనకబడతారు. పర్లాకిమిడి నుంచి అదే దారిన వెళ్లినవాడిగా ఈ మాట గట్టిగా చెప్పగలను.

శిక్షణలో ఒకనాడు నా ప్రాక్టీసు సర్వర్‌లో ఆర్కైవ్ లాగ్‌లు (డేటాబేస్‌లో జరిగిన మార్పులను నమోదు చేసే ఫైళ్లు) ఉండే చోటు నిండిపోయి, లాగిన్ కాబోతే ఓఆర్ఏ-00257 అనే ఎర్రర్ వచ్చింది. డిస్క్ ఎంత నిండిందో చూపే 'డీఎఫ్' కమాండ్ కూడా తెలియక గంటసేపు తంటాలు పడ్డాను. తరువాత పక్కవారు చెబితే ఆ ఫైళ్లను 'ఆర్ఎమ్'తో చెరిపేశాను. డిస్క్‌లో ఖాళీ కనబడింది గాని, ఒరాకిల్ లెక్కలో ఆ ఫైళ్లు ఇంకా ఉన్నట్టే ఉండటంతో ఎర్రర్ పోలేదు. ఒరాకిల్ బ్యాకప్ సాధనం ఆర్‌మ్యాన్‌లో, ఫైళ్లు నిజంగా ఉన్నాయో లేదో సరిచూసే క్రాస్‌చెక్ నడిపి, లేని ఫైళ్ల నమోదులను తొలగించాకే అది దారికి వచ్చింది. నడుమ లాగ్‌లు పోయాయి కనుక పాత బ్యాకప్‌ను నమ్ముకునే వీలు లేక, మళ్లీ పూర్తి బ్యాకప్ తీయవలసి వచ్చింది.

డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌లో, డేటాను చూపే సెలెక్ట్ ఒక్కటే చాలదు. మూడు టేబుళ్లను జాయిన్ చేయడం, వరుసలను గుంపులుగా లెక్కించే గ్రూప్ బై, నల్ (విలువ లేకపోవడం) దేనితోనూ సమానం కాదన్న సంగతి, మార్పును ఖాయం చేసే కమిట్‌కూ రద్దుచేసే రోల్‌బ్యాక్‌కూ తేడా క్షుణ్ణంగా తెలియాలి. నెట్‌వర్కింగ్‌లో ఐపీ, పోర్టు అంటే ఏమిటో తెలిస్తే ప్రస్తుతానికి సరిపోతుంది. ఎర్రర్ సందేశాన్ని ఇంగ్లిషులో చివరిదాకా చదివే ఓపిక మాత్రం తప్పనిసరి. ఒడియా మీడియంలో చదివిన మనవాళ్లు చాలామంది అక్కడే తడబడతారు.

రెండు లిపుల మధ్య పెరిగిన మనం మరొకటి కూడా గమనించాలి. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికైనా ఒడియా అక్షరానికైనా 3 బైట్లు పడతాయి. గుడులు, కొమ్ములు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. అందుకే 'పర్లాకిమిడి' అన్న ఒక్క పేరుకు 33 బైట్లు కావాలి, 30 బైట్ల కాలమ్‌లో అది పట్టదు.

ఫీజు కట్టేముందు ఒక నెల ఆగండి. ఇంట్లోని పాత కంప్యూటర్‌లో లైనక్స్, ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్‌ఎస్‌క్యూఎల్ డేటాబేస్ వేసుకుని, ఒక టేబుల్‌ను దాని బ్యాకప్ సాధనం పీజీ-డంప్‌తో బ్యాకప్ తీసి, డ్రాప్ చేసి (తొలగించి), తిరిగి తెచ్చుకోండి. ఆ పని కాగితం చూడకుండా చేయగలిగిన రోజున వెళ్లి చేరండి.