అమ్మకి ఇమ్యూనిటీ తక్కువై కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 48 ఏళ్ళు. ఆర్నెల్ల నుంచి పొద్దున్న లేవగానే రెండు చేతుల వేళ్ళూ బిగుసుకుపోయి గంటదాకా పిడికిలి మూసుకోదు, కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది. యాంటీ సీసీపీ టెస్టు పాజిటివ్ వచ్చింది, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని మెథోట్రెక్సేట్ రాశారు. అది ఇమ్యూనిటీని తగ్గించే మందంట! ఇమ్యూనిటీ లేకే కదా రోగాలొచ్చేది అని మా పిన్ని రోజూ తిప్పతీగ కషాయం కాచి ఇస్తోంది. ఏది నమ్మాలి?
ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ కషాయం ఆపించండమ్మా. పిన్ని ప్రేమతోనే ఇస్తున్నారు, కానీ మీ అమ్మగారి ఇమ్యూనిటీ తగ్గలేదు, దారి తప్పింది. మన ఛాతీ ఎముక వెనకాల థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలు ఆరితేరేది అక్కడే, సొంత ఒంటి మీదే తిరగబడే కణాల్ని చాలావరకు అక్కడే చంపేస్తుంది, అయినా కొన్ని తప్పించుకుని బయటికొస్తాయి, వాటిని అదుపులో పెట్టడానికి రెగ్యులేటరీ టీ కణాలున్నాయి. వీటి గురించి 1995లో చెప్పిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచికి, ఇంకో ఇద్దరితో కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు. ఇన్ని కాపలాలు దాటి ఒక్కోసారి ఆ దాడి కీళ్ళ లోపలి పొర మీద పడుతుంది, పొర వాచిపోతుంది, వదిలేస్తే పక్కనున్న ఎముకని కూడా తినేసి వేళ్ళు వంకర్లు పోతాయి. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చే జబ్బిది.

అలాంటప్పుడు ఇమ్యూనిటీని ఇంకా ఎగదోస్తే ఎలా చెప్పండి? కోవిడ్ టైంలో తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ళ గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు, వాళ్ళలో కొందరికి ముందునుంచే ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే ఇలా ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులున్నాయి. మెథోట్రెక్సేట్ కూడా లివర్ మీద భారం వేసే మందే కాబట్టి రెండూ కలిస్తే నాకు భయమేస్తుంది.

ఇంకోటి, ఇది మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి: ఆ మాత్ర వారానికి ఒక్కసారే. రోజూ వేసుకునేదనుకుని నోరంతా పుళ్ళొచ్చి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. తోడుగా ఫోలిక్ యాసిడ్ రాసుంటారు, అది మానొద్దు. గుణం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు, పదిరోజులకే పనిచెయ్యట్లేదని ఆపేయకండి. డాక్టర్ చెప్పిన రక్తపరీక్షలు తప్పకుండా చేయించండి, మధ్యలో జ్వరం వస్తే ఆ వారం మాత్ర వేసేముందు ఒకసారి ఫోన్ చేసి అడగండి.