మళ్ళీ వెళ్తే కనిపించని బొమ్మలు

ప్రశ్న: 2015 వేసవిలో న్యూయార్క్‌లో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో గోల్కొండ, బీజాపూర్ దర్బారుల చిత్రాలు చూసి మురిసిపోయాను. 2023లో వాటి కోసమే మళ్ళీ వెళ్తే అవి లేవు. ఫణిగిరి శిల్పాలు ఉన్నాయి. మ్యూజియం ఇలా ఎందుకు మారుస్తుంది? వచ్చే ఏడాది వెళ్తే ముందు ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు చూసినవి రెండూ తాత్కాలిక ప్రదర్శనలే. దక్కన్ సుల్తానుల కళ మీద ఏర్పాటైన మొదటిది 2015 ఏప్రిల్ నుంచి జులై వరకు మాత్రమే సాగింది. కాగితం మీది చిత్రాలకూ, అద్దకపు బట్టలకూ వెలుతురే శత్రువు. ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు కనుక, అలాంటి వాటిని మసక వెలుతురులో కొన్ని నెలలు ఉంచి, ఆ తరువాత ఏళ్ళ తరబడి చీకటి గదుల్లో విశ్రాంతిగా భద్రపరుస్తారు. మ్యూజియం సొంత చిత్రాలకైనా ఈ నియమం తప్పదు.

ఫణిగిరి శిల్పాల సంగతి వేరు. రాతికి వెలుతురు బెడద లేదు. అవి అక్కడ ఉండిపోకపోవడానికి కారణం అవి ఎరువు తెచ్చుకున్నవి కావడమే. తొలి బౌద్ధ శిల్పకళను చూపిన ఆ ప్రదర్శన 2023 జులై 21 నుంచి నవంబరు 13 వరకు జరిగింది. అందులోని 125కు పైగా వస్తువులను భారతదేశం నుంచీ, యూరప్, అమెరికాల మ్యూజియంల నుంచీ సేకరించారు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండ మీద, ఈ శతాబ్దం మొదట్లో జరిగిన తవ్వకాల్లో బయటపడిన తోరణ శిల్పం, కృష్ణాతీరపు ఇతర స్తూపాల శిల్పాలతో ఒకే కప్పు కింద కొన్నాళ్ళు నిలిచిందంటే, ఆ పోలికలు చూసే అవకాశం పండితులకే కాదు, మీకూ నాకూ మళ్ళీ సులభంగా రాదు. తాత్కాలిక ప్రదర్శనల అసలు విలువ ఇక్కడే ఉందని నా నమ్మకం. అక్కడ ముగిశాక అదే ప్రదర్శన సియోల్‌లోని జాతీయ మ్యూజియంకు వెళ్ళింది.

మెట్రోపాలిటన్ మ్యూజియంలో దుస్తుల ప్రదర్శనలు కూడా జరుగుతాయి. 2011లో బ్రిటిష్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ రూపొందించిన దుస్తులను మూడు నెలల్లో 6,60,000 మందికి పైగా చూశారు. ఒకే చిత్రకారుడి జీవితకాలపు కృషి, ఒక నగరం, ఒక కాలపు ఛాయాచిత్రాలు, ఇలా ఇతివృత్తాలు మారుతూనే ఉంటాయి. జనం క్యూ కట్టేవాటినే వెతకనక్కరలేదు; ఒకటి రెండు గదులకు పరిమితమైన చిన్న ప్రదర్శనల్లో నిదానంగా నిలబడి చూసే వీలుంటుంది.

మీరు బయలుదేరే ముందు మ్యూజియం వెబ్‌సైటులో ప్రదర్శనల ముగింపు తేదీలు చూసి, త్వరగా మూసేవాటిని మొదట చూడండి. దేవాలయ శిల్పాలు, ఈజిప్టు గదులు ఎటూ పోవు. బుధవారం అక్కడ సెలవు. శుక్ర, శనివారాల్లో రాత్రి 9 వరకు తెరిచి ఉంచుతారు కనుక సాయంత్రం పూట వెళ్ళినా సరిపోతుంది.