ఆశ్రయపురం, శరణాలయం ఒకటేనా?

సందేహం: సండే స్కూల్ పిల్లల కోసం మోషే ధర్మశాస్త్రం మీద చిన్న పాఠం రాస్తున్నాను. తెలుగు బైబిల్లో 'ఆశ్రయపురములు' అని ఉంది. పిల్లలకి తేలిగ్గా ఉంటుందని 'శరణాలయాలు' అని మార్చవచ్చా? పొరపాటున ప్రాణం తీసినవాణ్ణి కూడా 'నరహంతకుడు' అనడం న్యాయమేనా?

సమాధానం: శరణాలయం అని మార్చకండి. ఆ మాట వినగానే ఇప్పటి పిల్లలకి అనాథ శరణాలయమే గుర్తొస్తుంది, అంటే దిక్కులేనివాళ్ల కోసం ఎవరో నడిపే ఒక భవనం. సంఖ్యాకాండం 35లో చెప్పినవి భవనాలు కావు, మనిషిని చంపినవాడు పారిపోయి వచ్చి తలదాచుకునే ఊళ్లు. దేవుడి సేవకి ఏర్పరచిన గోత్రం లేవీయులకి ఇచ్చిన 48 ఊళ్లలో ఆరింటిని ఇందుకోసం కేటాయించారు. యొర్దాను నదికి పడమట కెదెషు, షెకెము, హెబ్రోను, తూర్పున బేసెరు, రామోతు, గోలాను. దారి దూరమైతే, చనిపోయినవాడి దగ్గరి బంధువు కోపంతో వెంటాడి మధ్యలోనే చంపేస్తాడేమో అని ద్వితీయోపదేశకాండం 19లో దేశాన్ని భాగాలు చేసి మరీ ఈ ఊళ్లు ఏర్పాటు చేయమన్నారు, దారులు కూడా సిద్ధం చేయమన్నారు. కాబట్టి 'పురం' ఉండి తీరాలి.

ఇంకో చిక్కు 'శరణు' అనే మాటలోనే ఉంది. శరణన్నవాడి తప్పొప్పులు ఎంచకుండా కాపాడటం మన కథల్లో గొప్ప ధర్మం, శిబి చక్రవర్తి పావురం కోసం తన మాంసమే కోసిచ్చాడు. ఇశ్రాయేలీయుల చట్టం అలాంటిది కాదు. కావాలని చంపినవాడు బలిపీఠం దగ్గరికి పరుగెత్తుకొచ్చినా సరే అక్కణ్ణుంచి లాక్కొచ్చి శిక్షించమంటుంది నిర్గమకాండం 21. ఊళ్లోకి వచ్చినంత మాత్రాన బతికిపోయినట్టు కాదు, విచారణ అయ్యేదాకా ప్రాణానికి భద్రత, అంతే.

ఇక 'నరహంతకుడు'. మీ బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే ఇవాళ పేపర్లో హంతకుడు అని రాస్తే పగబట్టి చంపినవాడనే అనుకుంటాం. కానీ ఆ మాటకి అసలు అర్థం చంపినవాడు అని మాత్రమే, ఉద్దేశం ఏమిటో అది చెప్పదు. సంఖ్యాకాండం 35 హీబ్రూ మూలంలో కూడా 'రొట్సేయహ్' అనే ఒకే మాట కావాలని చంపినవాడికీ, పొరపాటున చంపినవాడికీ వాడారు. నాకైతే అదే సబబు అనిపిస్తుంది, పారిపోయి వచ్చినవాడు ఎలాంటివాడో అప్పటికి ఇంకా ఎవరూ తేల్చలేదు కదా! తేల్చాల్సింది సమాజం. చేతిలో ఇనుప ఆయుధం ఉందా, ముందునుంచీ పగ ఉందా, పొంచి ఉండి కొట్టాడా, లేక కట్టెలు కొడుతుంటే గొడ్డలి పిడి నుంచి ఊడి పక్కవాడికి తగిలిందా, ఇవన్నీ చూస్తారు. ఒక్క సాక్షి మాట మీద మరణశిక్ష వేయకూడదు. పరదేశికీ ఇదే చట్టం.

పొరపాటే అని తేలినా వెంటనే ఇంటికి వెళ్లడానికి లేదు. ప్రధానయాజకుడు చనిపోయేదాకా ఆ ఊరు దాటకూడదు, దాటితే ప్రాణానికి పూచీ లేదు, డబ్బు కట్టి బయటపడదామన్నా కుదరదు. పోయిన ప్రాణానికి ఇంత అని ధర కట్టనివ్వలేదు చూడండి, ఈ చట్టంలో నాకు బాగా నచ్చేది ఇదే. దీని మీద యూదుల మిష్నాలో, అంటే వాళ్ల పెద్దలు నోటిమాటగా చెప్పుకున్న ధర్మాల సంకలనంలో, ఒక మాట ఉంది, ఆ ఊళ్లలో ఉన్నవాళ్లు తన కొడుకు చావు కోసం ప్రార్థించకుండా ప్రధానయాజకుడి తల్లి వాళ్లకి తిండీ బట్టా పంపేదట. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి.

అందుకని వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాసేచోట 'నరహంతకుడు' అని అలాగే ఉంచేయండి, మీ సొంత మాటల్లో మాత్రం విచారణకి ముందు 'చంపినవాడు' అనీ, తీర్పు అయ్యాక 'పొరపాటున చంపినవాడు' అనీ రాయండి. కావాలని చంపాడని తీర్పు వచ్చినవాడికే 'హంతకుడు' అన్న మాట వాడండి. 'ఆశ్రయపురం' పిల్లలకి కొత్తగా అనిపిస్తే పక్కనే 'ప్రాణభయంతో వచ్చినవాణ్ణి విచారణ దాకా కాపాడే ఊరు' అని ఒక్కసారి వివరిస్తే సరిపోతుంది.