యూనిఫాం మీద రీల్ తీసి తిడితే కేసు కాదా?

ప్రశ్న: వకీలు సార్‌కు నమస్కారం. మాది పరకాల దగ్గర పల్లె. మా ఊరి పిలగాడు మిలిటరీల జేస్తడు. మొన్న సెలవు మీద వచ్చి, రేషన్ దుకాణం కాడ యూనిఫాం మీదనే రీల్ తీసిండు. లైన్ల నిలబడ్డ మా అమ్మ మొఖం మీదికి ఫోన్ వెట్టి, "మేము బార్డర్ల సావాలె, గవర్నమెంటు వీళ్లకు సన్నబియ్యం ఊకెనే పొయ్యాలె. ఈమె ఇవి బ్లాక్‌ల అమ్ముకొని తాగుతది" అని ఇన్‌స్టాల పెట్టిండు. మేము ఎస్సీలం. ఆయన కులం పేరు తియ్యలే గని, కింద ఇంకొకడు కులం పేరు వెట్టి తిడితే దానికి నవ్వే బొమ్మ పెట్టిండు. ఠాణాకు పోతే "ఆర్మీ వాళ్ల మీద మా దగ్గర కేసు కాదు" అని మళ్లగొట్టిన్రు. అమ్మ బయటికి ఎల్తలేదు. ఏం జెయ్యాలె?

జవాబు: ఠాణాలో మీకు చెప్పింది తప్పు. సైనికుడు విధి నిర్వహణలో చేసిన పనికి అరెస్టు చేయాలంటే కేంద్రం సమ్మతి కావాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 42వ సెక్షన్ అంటుంది. అలాంటి పని మీద కోర్టు విచారణకు తీసుకోవాలన్నా అదే సంహిత 218 కింద ముందస్తు అనుమతి ఉండాలి. రెండింట్లోనూ అసలు మాట 'విధి నిర్వహణ'. రేషన్ దుకాణం ముందు రీల్ తీయడం ఏ పల్టన్‌లోనూ డ్యూటీ కాదు. ఒంటి మీద యూనిఫాం ఉన్నంత మాత్రాన అది డ్యూటీ అయిపోదు. సెలవులో ఉన్నా 1950 ఆర్మీ చట్టం ఆయన్ని వదలదు కూడా. అంటే మామూలు మనిషి మీద మీకు ఒక్క దారే ఉండేది, ఈయన మీద రెండున్నాయి.

అయితే ఏ దారి పట్టేముందైనా రీల్‌ను భద్రం చేయండి, అదీ ఇవాళే. విషయం బయటపడగానే ఆయన తీసేస్తాడు. రీల్ లింకు కాపీ చేసి రాసుకోండి. ప్రొఫైల్ పేజీ నుంచి మొదలుపెట్టి రీల్, దాని కింది రాతలు, ఆ కులం కామెంటు, దానికి ఆయన పెట్టిన బొమ్మ, తేదీ అన్నీ కనిపించేలా ఒకే స్క్రీన్ రికార్డింగ్ తీయండి. మధ్యలో ఆపొద్దు, తర్వాత కత్తిరించొద్దు. రెండో ఫోన్‌తో ఆ స్క్రీన్‌నే వీడియో తీస్తే ఇంకా గట్టి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు: ఫైల్‌ను వాట్సాప్‌లో పంపించుకుని, అసలుది ఫోన్‌లోంచి తీసేస్తారు. వాట్సాప్ వీడియోను కుదిస్తుంది, దాంతో హ్యాష్ విలువ, అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటి గుర్తు, మారిపోతుంది. రేపు కోర్టులో అసలుదీ ఇదీ ఒకటి కాదని ఎదుటి వకీలు పట్టుకునేది దాన్నే. కేబుల్ పెట్టి రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించండి, రికార్డు చేసిన ఫోన్ అమ్మకుండా దాచండి. భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో మొదటి భాగం మీద రికార్డు చేసినవాళ్లే సంతకం పెట్టాలి, రెండో భాగం మీద నిపుణుడు. అందుకే మొదటి నుంచీ ఒకే మనిషి, ఒకే ఫోన్.

ఇప్పటికే తీసేసి ఉంటే? ఆశ వదులుకోవద్దు. కంపెనీ తానే తొలగించిన దాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు దాచి ఉంచాలని 2021 ఐటీ నియమాలు చెప్తున్నాయి, పెట్టినవాళ్లే తీసేసుకున్న దానికి ఆ నియమం నేరుగా వర్తించదు. కంపెనీ దగ్గర ఏది మిగిలినా పోలీసుల నోటీసుతోనే బయటికి రావాలి, కాబట్టి నెలలు గడపొద్దు.

ఇక సెక్షన్లు. ఠాణాలో వెనక్కి పంపడానికి చెప్పని కారణం ఒకటుంటుంది. శాంతిభంగానికి రెచ్చగొట్టే అవమానం భారతీయ న్యాయ సంహిత 352, పరువునష్టం 356. ఈ రెండూ మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేనివి. "బ్లాక్‌ల అమ్ముకొని తాగుతది" అన్నది సూటిగా పరువునష్టం. ఊకెనే బియ్యం తింటున్నరు అన్నది కాదు, అది ఎత్తిపొడుపు మాత్రమే. ఫిర్యాదులో ఈ రెండింటినీ కలిపేయకండి. పరువునష్టానికి మీ అమ్మగారే మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి, గడువు మూడేళ్లు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం విషయంలో నిక్కచ్చిగా చెప్తాను. కులం పేరు పెట్టి తిట్టిన ఆ కామెంటుదారు, తను ఎస్సీ, ఎస్టీ కాకపోతే, 3(1)(ఎస్) కిందికి వస్తాడు. ఆన్‌లైన్‌లో పెట్టింది కూడా బహిరంగంగా అన్నట్టేనని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. సైనికుడి మీద 3(1)(ఆర్) నిలవాలంటే మాత్రం, అవమానించింది కులాన్ని బట్టేనని చూపాలి. ఎస్సీ, ఎస్టీ మనిషిని తిట్టినంత మాత్రాన సరిపోదని సుప్రీంకోర్టు 2020లోనూ 2024లోనూ అన్నది. నవ్వే బొమ్మ ఆయన ఉద్దేశానికి ఒక ఆధారం, ఒంటరిగా అదే కేసు కాదు. మీ అమ్మగారి కులం ఆయనకు ముందే తెలుసని, ఆ లైన్లో ఇతరులను వదిలేసి ఈమెనే ఎంచుకున్నాడని రీల్‌లో కనిపిస్తే బలం వస్తుంది. కులధ్రువీకరణ పత్రం జతచేయండి. ఈ చట్టం కింద ప్రాథమిక విచారణ అవసరం లేదని 18ఏ అంటుంది, దర్యాప్తు ఏసీపీ స్థాయి అధికారి చేయాలి. ఇలా ఒక్క కాగ్నిజబుల్ నేరం (పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగలది) చేరితే 352 కూడా దాంతోపాటే నడుస్తుంది.

మహిళ కదా అని న్యాయ సంహిత 79ని ఇరికించకండి. దానికి స్త్రీ గౌరవాన్ని భంగపరిచే ఉద్దేశం ఉండాలి. ఐటీ చట్టం 66ఏ అసలే రాయొద్దు, సుప్రీంకోర్టు దాన్ని 2015లోనే కొట్టేసింది.

ఠాణా మళ్లీ తీసుకోకపోతే, అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో వరంగల్ పోలీస్ కమిషనర్‌కు పంపండి. అది నాగరిక్ సురక్షా సంహిత 173(4) దారి. అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో 175(3) కింద కోర్టుకు. పోస్టు రశీదు లేకుండా కోర్టు మెట్టెక్కొద్దు, మొదట అడిగేది దాన్నే.

రెండో దారి సైన్యం. ముందు ఆయన ఆర్మీయేనని తేల్చుకోండి. మన దగ్గర సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లను కూడా మిలిటరీ అనే అంటాం. వాళ్లు హోంశాఖ కిందివాళ్లు, చట్టాలు వేరు. ఆర్మీయే అయితే ఫిర్యాదు యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌కు పోవాలి. యూనిట్ పేరు తెలిస్తే 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (సైన్యం తపాలా కార్యాలయం) చిరునామాకు రాయొచ్చు. తెలియకపోతే ఢిల్లీలో సైనిక ప్రధాన కార్యాలయపు అడ్జుటెంట్ జనరల్ బ్రాంచికి, ఒక కాపీ సికింద్రాబాద్‌లోని తెలంగాణ ఆంధ్ర సబ్ ఏరియాకు. సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయి తిరగకండి, అది మాజీ సైనికుల బాగోగులు చూసేది.

ఉత్తరం ఒక పేజీ దాటొద్దు: తేదీ, చోటు, లింకు, అన్న మాటలు యథాతథంగా, పెన్‌డ్రైవ్, మీ పేరు, ఫోన్ నంబరు. "దేశద్రోహి", "డిస్మిస్ చేయండి" లాంటివి రాస్తే చదివే ఆఫీసరుకు మీరే కక్షగాళ్లలా కనపడతారు. సన్నబియ్యం మీద, గవర్నమెంటు మీద ఆయన అన్న వాక్యాన్ని మాత్రం విడిగా చూపండి. రాజకీయ విషయాల మీద సైనికులు అనుమతి లేకుండా ఏదీ ప్రచురించకూడదని 1954 ఆర్మీ రూల్స్‌లో 21వ నియమం ఉంది. నా అంచనాలో తిట్టు కంటే ఆ వాక్యమే సైన్యాన్ని త్వరగా కదిలిస్తుంది. క్రమశిక్షణ ఉల్లంఘనకు ఆర్మీ చట్టం 63వ సెక్షన్ కింద కోర్ట్ మార్షల్ అయితే ఏడేళ్ల దాకా పడొచ్చు, కానీ ఇలాంటివాటికి కమాండింగ్ ఆఫీసరే 80 కింద తేల్చే అవకాశం ఎక్కువ: 28 రోజుల దాకా నిర్బంధం, లేదా తీవ్ర మందలింపు, జీతంలో కోత. ఏ శిక్ష పడిందో మీకు రాతపూర్వకంగా చెప్తారన్న ఆశ పెట్టుకోకండి.

ఆ రీల్‌ను తిట్లతో మళ్లీ షేర్ చేయొద్దు, మీ తమ్ముళ్లను ఆయన ఇంటి మీదికి పంపొద్దు. ఆయన చేతికి ఎదురు కేసు ఇచ్చినట్టవుతుంది. పెద్దమనుషులు కూర్చుంటే 352, 356 రాజీ కుదిరేవే. క్షమాపణ వీడియో అదే ఖాతాలో పెట్టించడం అందులో షరతుగా అడగండి. ఎస్సీ, ఎస్టీ కేసుకు మాత్రం రాజీ లేదు.

వకీలు ఫీజు గురించి ఆలోచించకండి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మీ అమ్మగారికి రెండు విధాలా హక్కుంది. హన్మకొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆధార్, కులధ్రువీకరణ పత్రం చూపి దరఖాస్తు ఇవ్వండి. పోయేటప్పుడు రెండు పెన్‌డ్రైవ్‌లలో ఒకటి ఇంట్లోనే ఉంచి పోండి.