కోళ్ల గూడు కింద తవ్వి లోపలికి వస్తుంటే ఏం చేయాలి? మా పెరట్లో పనిచేసిన పద్ధతి

రెండు రాత్రుల్లో నాలుగు కోళ్లు పోయాయని, గూడు గోడ కింద మట్టి తవ్వి ఉందని, ఆ గుంతలో ఇటుకలు కూరితే ఆగుతుందా అని అడిగారు. ఆగదండీ. నేను కూరి చూశాను.

మాది తాండూరు దగ్గర పల్లె. పెరట్లో పాతిక దాకా నాటుకోళ్లు ఉంటాయి. నిరుడు తొలకరి పడ్డ వారంలో, పదకొండు గుడ్ల మీద పొదుగుతున్న పెట్ట పోయింది. తెల్లారి తలుపు తీస్తే గూట్లో నాలుగు ఈకలు, పెంకుల ముక్కలు, గోడ మూలలో తడిమట్టి కుప్ప. ఆ గుంతలో రాళ్లు, గాజుపెంకులు వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టాను. మర్నాటికి సరిగ్గా జానెడు పక్కన కొత్త గుంత.

ముందు వచ్చేది ఏదో పోల్చుకోండి. గుంత వెడల్పుగా ఉండి, మట్టి దూరంగా ఎగజిమ్మినట్టు ఉండి, చచ్చిన కోళ్లు అక్కడే పడి ఉంటే చాలావరకు ఊరకుక్కలే. నక్కయితే కోడిని ఎత్తుకుపోతుంది, చేలవైపు ఈకలు రాలి ఉంటాయి. పట్టపగలు కోళ్లు పోతుంటే ముంగిసను అనుమానించాలి, అది పగలు తిరిగే జంతువు, పిడికిలి పట్టే సందు చాలు దానికి. కన్నం నోటి దగ్గర మెత్తటి మట్టి కుప్పగా పోసి ఉండి, గుడ్లు, చిన్న పిల్లలు మాత్రమే పోతుంటే పందికొక్కు పని.

మాకు పనిచేసింది నిలువుగా పాతిన వల కాదు, నేలమీద పరిచిన వల. కుక్కయినా నక్కయినా గోడ ఎక్కడ అడ్డొస్తే అక్కడే, గోడ మొదట్లోనే గీకుతుంది. కింద వల తగిలితే కాస్త పక్కకు జరిగి మళ్లీ గోడ పక్కనే గీకుతుంది తప్ప, రెండడుగులు వెనక్కి పోయి అక్కణ్ణుంచి తవ్వుకురాదు. మాది నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. అలాంటి నేలలో అడుగు లోతున నిలువుగా పాతిన వల పక్కన ఖాళీ ఏర్పడి, పాతిన కష్టమంతా వృథా అయింది.

కోళ్ల జాలీ అని అమ్మే ఆరు మూలల సన్నతీగ వల కొనకండి. అది కోళ్లను లోపల ఉంచుతుంది కానీ కుక్కను బయట ఉంచలేదు, పళ్లతో చింపేస్తుంది. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ (తీగలు ఒకదానికొకటి అతికిన గట్టి వల), జీఐ పూత అంటే తుప్పు పట్టకుండా జింకు పూత ఉన్నది, మూడడుగుల వెడల్పుది తీసుకోండి. దాన్ని ఎల్ ఆకారంలో మడిచి, ఒక అడుగు గూడు గోడకు పైకి, రెండడుగులు బయటికి నేలమీద వచ్చేలా పెట్టాలి. ముందు ఆ రెండడుగుల మేర మట్టి రెండు మూడు అంగుళాలు చెక్కేసి, వల పరిచి, పైకి వచ్చిన అడుగును బెత్తెడుకొక చోట బైండింగ్ వైరుతో గూడు గోడకున్న జాలీకి కట్టి, మళ్లీ మట్టి కప్పండి. మా దగ్గర విరిగిన తాండూరు బండలు చవకగా దొరుకుతాయి కాబట్టి వాటిని పైన పరిచాను. మీకు దొరక్కపోతే పెద్ద రాళ్లైనా చాలు.

మూలల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. నేను వలను మూల దగ్గర కత్తిరించి అలాగే వదిలేశాను. పది రోజులకు కుక్క సరిగ్గా ఆ ముక్కోణపు ఖాళీలోనే తవ్వి రెండు పెట్టలను చంపింది. రెండువైపుల వల ఒకదానిమీద ఒకటి అడుగు మేర ఎక్కేలా వేసి కుట్టేయండి. తలుపు కింద బండ పాతి గడపలా చేయండి, వేలు దూరే సందు కూడా ఉండకూడదు.

పందికొక్కు విషయం వేరు. అది ఎక్కడో గడ్డివాము కింద మొదలుపెట్టి నేరుగా గూటి మధ్యలో తేలగలదు. అందుకే లోపల కూడా బండలు పరిచి, సందుల్లో సిమెంటు పూసి, పైన మూడు అంగుళాలు ఊక పోశాం. రాత్రికి నూకలు మిగలకుండా ఎత్తేస్తాం, గోడకు ఆనించిన కట్టెలమోపును దూరం జరిపాం. అది వచ్చేది ముందు గింజల కోసమే.

విషం పెట్టమనీ, కరెంటు తీగ చుట్టమనీ చెప్పేవాళ్లు ఉంటారు. దయచేసి రెండూ వద్దు. మందు తిన్న కొక్కును మీ కోడే పొడుస్తుంది, కరెంటు తీగకు పక్కింటి పిల్లవాడు తగలవచ్చు. ముంగిసకూ నక్కకూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, చంపితే కేసు అవుతుంది.

వల తెచ్చి పరిచేదాకా మిగిలిన కోళ్లను ఆ గూట్లో పడుకోబెట్టకండి. రుచి మరిగిన జంతువు ఈ రాత్రి కూడా వస్తుంది. వసారాలో గంపల కింద మూసి, పైన రోకలో, బరువైన రాయో పెట్టండి.